బందెలదొడ్డిలో ట్రాన్స్‌ఫార్మర్

కరెంటాఫీసులో అందరికంటే పెద్ద కుర్చీలో కూర్చునే సారుకు, బోడిగుట్టపల్లి ఈరన్న తన చేత్తో రాసుకున్న ఉత్తరం.

నేను రెండో తరగతి దాకా చదివినాను. మూడో తరగతి అయ్యవారు నాకు నచ్చలేదు. ఈ రాతలో వంకరలుంటే అవి అక్షరాలవి, మనిషివి కావు.

మొన్నటి గాలివాన మీ పెనుకొండలో ఎట్లా కొట్టిందో నాకు తెలియదు. మా ఊళ్ళో మాత్రం పగబట్టినట్టు కొట్టింది. వెంకటక్క ఇంటి రేకులు లేచి మా వాకిట్లో పడినాయి. రామక్క కోళ్ళగంప కోళ్ళతో సహా లేచిపోయి చింతచెట్టు ఎక్కింది. కరెంటు స్తంభాలు తాగినవాళ్ళ మాదిరి ఒకదాని మీద ఒకటి ఒరిగినాయి. వంక పొంగి, దాని మీది చప్టా కొట్టుకుపోయింది. బస్సు రాదు, కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చినాయి. నాగన్న ఒక్కడే పాలక్యాను నెత్తిన పెట్టుకొని వంక దాటి, అవతల పాలవ్యానుకు ఇచ్చి వస్తున్నాడు. ఈ ఉత్తరం ఆ పాలతోనే వస్తుంది. వాసన వస్తే నన్ను తిట్టొద్దు.

ఇక అసలు సంగతి. ఆ గాలిలో మీది ఒకటి కట్టు తెంచుకొని వచ్చి నా చెనక్కాయల చేలో పడింది. పొర్లి పొర్లి పంట పాడుచేసింది. ఊరి కట్టుబాటు ప్రకారం దాన్ని పట్టి, ట్రాక్టరు మీద తెచ్చి, బందెలదొడ్డిలో కట్టేసినాను.

బందెలదొడ్డి అంటే నీకు తెలుసో లేదో. పరాయి చేలో పడిన పశువును పట్టి కట్టేసే దొడ్డి. మా ముత్తాత కాలం నుంచి దాని తాళంచెవి మా ఇంటి మగవాళ్ళ మొలతాడుకే ఉంటుంది. ఈమధ్య ఊళ్ళో పశువులు తగ్గి మోటార్‌సైకిళ్ళు పెరిగి, దొడ్డి ఉత్తదైపోయింది. "పడగొట్టి సిమెంటు బెంచీలు ఏపిద్దాంలే తాతా" అని కుర్రకారు నా ముందరే అంటున్నారు. ఇప్పుడు అనమను!

కట్టుబాటు తేలికే. సొంతదారు తానే రావాలి. గుర్తులు చెప్పాలి. "తప్పయింది, మాది మాకు ఇప్పించండి" అని నోటితో అడగాలి. జరిమానా దుడ్లు వద్దు. లోపల ఏముందో నేను చెప్పను, ఊళ్ళో ఎవరూ చెప్పరు. చెప్పేస్తే అడ్డమైనవాడూ నాదే అంటాడు.

కరెంటు కూడా తొందరగా ఇప్పించు.

ఇట్లు,
ఈరన్న, బందెలదొడ్డి కావలి

తా.క.: నల్లగా, లావుగా ఉంది. ఒళ్ళంతా నూనె. ఇంతకంటే ఒక్క ముక్క చెప్పను.

*

గౌరవనీయులైన ఈరన్న గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. గాలివాన వల్ల మీ గ్రామానికి కలిగిన కష్టానికి విచారిస్తున్నాము. చప్టా దగ్గర నీరు తగ్గగానే మా సిబ్బంది వస్తారు.

మీరు పట్టుకున్న గేదె విషయం. ఈ కార్యాలయానికి గేదెలు లేవని వినయంగా తెలియజేస్తున్నాము. ఎద్దులు, ఆవులు, మేకలు కూడా లేవు. ఒక పిల్లి ఉంది. అది కూడా ఆఫీసుది కాదు, టిఫిను డబ్బాల కోసం వస్తుంది. కాబట్టి ఆ గేదె ఇంకెవరిదో అయి ఉంటుంది. వారికి అప్పగించి పుణ్యం కట్టుకోండి.

మీ ఫిర్యాదు నమోదు చేయడానికి మీ ఇంటి సర్వీసు నంబరు కావాలి. మీటరు మీద ఉంటుంది. దయచేసి రాయండి.

భవదీయురాలు,
నిర్మల, అసిస్టెంట్ ఇంజనీర్

తా.క.: నేను సారు కాదు, మేడమ్‌ను. కుర్చీ కూడా పెద్దది కాదు. దానికి ఒక కాలు ఊగుతుంది.

*

కరెంటమ్మకు ఈరన్న రాస్తున్నది. ఆడపిల్లవని తెలిసింది కాబట్టి కోపం సగం తగ్గించుకొని రాస్తున్నాను. మిగిలిన సగం కింద ఉంది.

గేదె అని నీకు ఎవరు చెప్పినారు? నేను చెప్పినానా? సొంతదారు తన సొమ్మును తాను ఎరగకపోవడం నా జన్మలో చూడలేదు. మా ఊరి తాగుబోతు చంద్రగాడు ఎంత తాగినా తన ఎద్దును ఎరుగుతాడు. నువ్వు తాగకుండానే మరిచిపోయినావు.

నంబరు అడిగినావు. నంబరు ఎందుకు? బోడిగుట్టపల్లి ఈరన్న అంటే మడకశిర దాకా తెలుసు.

నా కష్టం విను. కరెంటు పోయినాక ఊళ్ళో జనానికి పొద్దు పోలేదు. మా ఎదురింటి వెంకటక్క టీవీలో వచ్చే సీరియల్ ఆగిపోయిందని ఆడవాళ్ళందరూ ఏడ్చినారు. వెంకటక్క అందరినీ కూర్చోబెట్టి "యాడ నిలిచిపాయనో ఆడనుంచి నేను చెప్తా వినండే" అని తానే చెప్పడం మొదలుపెట్టింది. బాగానే చెప్పింది. కానీ ఆమెకు తన కోడలి మీద కోపం. ఆ కోపంలో సీరియల్లో కోడలిని బావిలో తోసేసింది. మర్నాడు బతికించమని అందరూ బతిమాలితే, బతికించి పాముతో కరిపించింది.

నా పెళ్ళాం ఉలిగమ్మకు ఆ సీరియల్ కోడలంటే ప్రాణం. "నిజంగా చచ్చిందో లేదో నేను చూడాల" అని లేచింది. ధర్మవరంలో ఆమె తమ్ముడు నరసింహ ఉన్నాడు, అక్కడ కరెంటు ఉంది. "వంకలో మొలలోతు నీళ్ళుండాయి, యాడికే పోతావు?" అంటే, చీర ఎగ్గట్టి, నాగన్న పాలక్యాను పట్టుకొని దాటేసింది. అవతలి గట్టు మీద నిలబడి అరిచింది: "కరెంటు వచ్చినాకనే వస్తా. అంతదాకా నువ్వూ, నీ దొడ్డీ!"

ఊరంతా విన్నది.

ఇప్పుడు సంగటి నేనే కెలుక్కుంటున్నాను. నిన్నటి ముద్ద కుక్కకు వేస్తే అది వాసన చూసి, నా ముఖం చూసి, జాలిపడి వెళ్ళిపోయింది. కాబట్టి నీది నువ్వు తీసుకుపో, మాకు కరెంటు ఇవ్వు, నా పెళ్ళాం ఇంటికి రావాలి.

ఇట్లు,
ఈరన్న

తా.క.: దానికి మూడు కొమ్ములు. తెల్లనివి. నీ మీద జాలితో చెప్పినాను. ఇంకెవరికీ చెప్పొద్దు.

*

ఈరన్న గారికి నమస్కారాలతో,

ఆఫీసులో కొవ్వొత్తి వెలుతురులో ఫిర్యాదులు చదువుతున్నాము. అవి గుట్టగా పడి ఉన్నాయి. కానీ మీ ఉత్తరం మాత్రం సిబ్బంది అందరికీ చదివి వినిపించాను. ఉలిగమ్మ గారి ప్రయాణం గురించి అందరూ బాధపడ్డారు. సీరియల్లో కోడలు బతికే ఉందని మా టైపిస్టు ఖచ్చితంగా చెబుతోంది. వెంకటక్క గారికి తెలియజేయగలరు.

ఇక మూడు తెల్ల కొమ్ముల గేదె. ఇలాంటిది మా చదువులో లేదు. కనుక విషయాన్ని పశువుల డాక్టరు గారికి తెలియజేశాను. వారు చాలా ఉత్సాహపడ్డారు. ఫొటో తీసి పుట్టపర్తిలో జిల్లా పెద్దలకు పంపుతామన్నారు. వంక దాటడానికి ట్యూబు కూడా సిద్ధం చేసుకున్నారు. వారికి సహకరించండి.

సర్వీసు నంబరు రాయడం మరిచిపోయారు.

భవదీయురాలు,
నిర్మల

తా.క.: అంతవరకు దానికి మంచి మేత పెట్టండి. పాపం, నోరులేనిది.

*

కరెంటమ్మకు, నీ డాక్టరు తడిసిన బట్టలు నా దండెం మీద ఆరుతుండగా ఈరన్న రాస్తున్నది.

వచ్చినాడు. ట్రాక్టరు ట్యూబులో కూర్చుని, సంచి నెత్తిన పెట్టుకొని, ఊరి పిల్లలందరూ గట్టు మీద కేకలు వేస్తుంటే, దేవుడు తెప్ప మీద వచ్చినట్టు వచ్చినాడు. "యాడుండాది పెద్దాయనా, మూడు కొమ్ములది?" అని అడిగినాడు. ముందు ఒట్టు వేయించుకున్నాను, లోపల చూసింది బయట చెప్పనని. తలుపు తీసినాను. మీద కప్పిన పట్ట ఎత్తినాను.

చూసినాడు. నన్ను చూసినాడు. మళ్ళీ దాన్ని చూసినాడు. తరువాత దొడ్డి గోడకు ఆనుకొని నవ్వడం మొదలుపెట్టినాడు. నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. కూర్చుని ఇంకొంచెం నవ్వినాడు. చదువుకున్నవాడు కదా, జబ్బేమైనా వచ్చిందేమోనని మజ్జిగ ఇచ్చినాను. తాగి, దాని మీద చెవి పెట్టి విని, "జ్వరం లేదు, ఆరోగ్యంగా ఉండాది" అన్నాడు. పోతూ పోతూ మళ్ళీ వంకలో నవ్వినాడు. ట్యూబు తిరగబడింది.

మేత పెట్టమని నాకు నువ్వు చెప్పాలా? దొడ్డిలో కట్టినదాన్ని పస్తు పెట్టకూడదు. అది మొదటి కట్టుబాటు. రోజూ పొద్దున పచ్చగడ్డి, సాయంత్రం కుడితి ముందర పెడుతున్నాను. ముట్టదు. సొంతదారు మీద బెంగ పెట్టుకుంది. పశువుకున్న అభిమానం కూడా నీకు లేదు.

ఊళ్ళో జనం ఇప్పుడు నా చుట్టే తిరుగుతున్నారు. కరెంటు లేకుండా ఎట్లా బతకాలో ఎవరికీ తెలియదు. లాంతరుకు వత్తి ఎక్కించడం, రోట్లో రుబ్బడం, తిరగలి తిప్పడం, అన్నీ వచ్చి నన్నే అడుగుతున్నారు. తిరుపాల్ కొడుకు "తాతా, ఈ విసనకర్రకు స్విచ్చి యాడుండాది?" అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో తెలియక ఒకటి తగిలించినాను. రెండింటికీ సరిపోతుంది.

ఇట్లు,
ఈరన్న

తా.క.: కోడలు బతికే ఉందని వెంకటక్కకు చెప్పినాను. "ఆ టైపిస్టుకేం తెలుసు, నేను నా చేతులతో పూడ్చినా" అంటోంది.

*

ఈరన్న గారికి,

ఈసారి ఒక ముఖ్యమైన, బాధాకరమైన విషయం రాస్తున్నాను.

నీరు కొంచెం తగ్గడంతో మా లైన్‌మ్యాన్ పౌలు వంక దాటి మీ ఊరికి వచ్చాడు. స్తంభాలు నిలబెట్టవచ్చు, తీగలు లాగవచ్చు. కానీ మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరే కనిపించడం లేదు! దిమ్మె ఉంది. దాని మీద ఉండాల్సింది లేదు. అది లేకపోతే మీ ఊరికి కరెంటు ఇవ్వడం ఎవరి తరమూ కాదు. హిందూపురం స్టోరులో ఉన్నవన్నీ ఇతర గ్రామాలకు వెళ్ళిపోయాయి.

"ట్రాన్స్‌ఫార్మర్ ఏమైంది?" అని పౌలు ఊళ్ళో వాళ్ళను అడిగితే అందరూ ఆకాశంలోకి చూశారట. గాలికి ఎగిరిపోయిందని వాళ్ళ భావమేమో. అంత బరువైనది ఎగరదు. రాగి తీగ కోసం దొంగలు ఎత్తుకుపోయి ఉంటారని మా అనుమానం.

ఊరికి పెద్దవారు, మాట కచ్చితమైనవారు మీరు. ఊళ్ళో అనుమానంగా తిరిగేవారిని కాస్త కనిపెట్టి ఉండండి. నాకు ఇది కొత్త ఉద్యోగం. మీ ఊరూ, మీ పక్క ఊరూ తప్ప అన్ని ఊళ్ళకూ దీపాలు వచ్చాయి.

భవదీయురాలు,
నిర్మల

తా.క.: డాక్టరు గారిని అడిగితే ఏమీ చెప్పడం లేదు. నన్ను చూసినప్పుడల్లా దగ్గు నటిస్తూ వెళ్ళిపోతున్నారు. గేదె క్షేమమేనా?

*

కరెంటమ్మకు ఈరన్న సంతోషంగా రాస్తున్నది.

ఇన్నాళ్ళకు దారిలోకి వచ్చినావు! పోయిందని ఒప్పుకున్నావు. పోయినదాన్ని వెతుక్కోవాలని నీకు తోచింది. అదే మొదటి మెట్టు. ఇక రెండోది, గుర్తులు చెప్పు.

మా ఊళ్ళో దొంగలున్నారని రాసినావు. ఆ మాట వెనక్కి తీసుకో. మా ఊళ్ళో వస్తువు పోదు. ఉంటే ఇంట్లో ఉంటుంది, లేకుంటే దొడ్డిలో ఉంటుంది.

నీ పౌలు మంచివాడే. దొడ్డి గోడ దగ్గరికి వచ్చి మెడ సాచినాడు. "లోపల ఏముండాదప్పా?" అన్నాడు. "నీదా?" అన్నాను. "నాది కాదు, నేను ఉట్టి లైన్‌మ్యాన్‌ను" అన్నాడు. "నీది కానప్పుడు నీకెందుకబ్బా?" అన్నాను. న్యాయమైన మాట కాబట్టి వెళ్ళిపోయినాడు.

నువ్వు తొందరపడాలి. ఇంకొకడు తయారైనాడు. పక్కన ఎర్రమట్టిపల్లి పాపన్న వచ్చి, "మామా, మా ఊరిది కూడా ఒకటి గాలికి పోయింది. మీ దొడ్డిలో ఉండేది మాదే" అంటున్నాడు. వాడు గుర్తులు చెప్పినాడు కూడా. నల్లగా, లావుగా, ఒళ్ళంతా నూనె అన్నాడు. నేను నీకు రాసిన గుర్తులు వాడికెట్లా తెలిసినాయో అర్థం కాలేదు. నాగన్న పాలు పోస్తూ చదివి వినిపించినాడని తరువాత తెలిసింది.

ఉలిగమ్మ నుంచి కబురు వచ్చింది. ధర్మవరంలో ఫ్యాను కింద పడుకుంటోందట. నా ఊసు ఎత్తడం లేదట.

ఇట్లు,
ఈరన్న

తా.క.: గేదె, గేదె అని రాయొద్దు. నాగన్న చదివేటప్పుడు అందరూ నవ్వుతున్నారు. దానికి కూడా చిన్నతనం.

*

ఈరన్న గారూ!

నల్లగా, లావుగా, ఒళ్ళంతా నూనె. మూడు తెల్ల కొమ్ములు, అంటే తీగలు తగిలించే పింగాణీ గొట్టాలు. గడ్డి ముట్టదు. ట్రాక్టరు మీద తెచ్చారు. డాక్టరు గారు నవ్వారు.

మీ దొడ్డిలో కట్టేసింది మా ట్రాన్స్‌ఫార్మర్‌నా??

అయ్యా, అది ప్రభుత్వ ఆస్తి. వెంటనే అప్పగించండి. లేకపోతే పోలీసులకు రాయాల్సి వస్తుంది. మీ కట్టుబాటు ప్రకారం గుర్తులు కూడా రాస్తున్నాను, దయచేసి చూసుకోండి: నూనె మసి కింద బూడిద రంగు, ఇరవై ఐదు కె.వి.ఎ., పక్కన రేకు మీద నంబరు ఉంటుంది.

నిర్మల

తా.క.: దానికి కుడితి పెట్టారా!!

*

కరెంటమ్మకు ఈరన్న రాస్తున్నది. క్షేమం అడగలేదు, ఎందుకంటే నువ్వు కూడా అడగలేదు.

లోపల ఏముందో నేను చెప్పను. నువ్వు అనుకున్నది అయితే కావచ్చు, కాకపోతే కాకపోవచ్చు.

పోలీసులను పిలుస్తానన్నావు. పిలువు. వాళ్ళ స్టేషన్ ముందర జనాల మోటార్‌సైకిళ్ళు కట్టేసుకుంటే అది చట్టం, నా దొడ్డిలో నేను కట్టేస్తే నేరమా? వాళ్ళవి తుప్పుపట్టి చెట్లు మొలిచినాయి. నేను పట్ట కప్పి కాపాడుతున్నాను.

నీ గుర్తులు చెల్లవు. రంగు ఎవరైనా చెబుతారు. నంబరు నాకు పనికిరాదు, నంబరు చూసి పశువును ఎరిగే మనిషి మనిషే కాదు. గుర్తు అంటే అది ఏ పక్కకు ఒరుగుతుంది, ఎవరిని పొడుస్తుంది, ఎండాకాలం ఎట్లా ఉంటుంది, అవీ చెప్పాలి.

పాపన్న గుర్తులు కూడా చెల్లలేదు. ఇద్దరు సొంతదారులు వచ్చినప్పుడు మా తాత ఒక పని చేసేవాడు. కట్టు విప్పి తలుపు తీసేవాడు. పశువు ఎవరి ఊరి దోవ పడితే వాళ్ళది. నిన్న అదే చేసినాను. తలుపు బార్లా తీసి, తాడు విప్పి, నేనూ పాపన్నా రెండూళ్ళ పెద్దలూ గోడెక్కి కూర్చున్నాము. ఎవరూ సైగ చేయకూడదని చెప్పినాను. ఎండ నెత్తికెక్కింది. అది కదల్లేదు. చెనక్కాయలు తింటూ చూసినాము. కదల్లేదు. పాపన్న మెల్లగా "బా... బా..." అని పిలిచినాడు. మోసం చేస్తున్నావని గోడ మీద నుంచి తోసినాను. పొద్దు వాలింది. అప్పటికీ అది ఉన్నచోటనే ఉంది.

"మామా, దానికి మీ దొడ్డే నచ్చినట్టుండాది" అని పాపన్న దులుపుకొని పోయినాడు. ఈ పొద్దున వాళ్ళ ఊరిది వాళ్ళకు వంకలో దొరికిందట. కాబట్టి ఇక నువ్వొక్కతివే మిగిలినావు. బాగా ఆలోచించి రాయి.

ఊళ్ళో జనానికి కూడా ఓపిక అయిపోతోంది. "నీ కట్టుబాటు కాలిపోను, ఇచ్చేయప్పా" అని రామక్క మొహం మీదే అనింది. ఇవ్వాలని నాకూ ఉంది. సంగటి ఒక రోజు పచ్చి, ఒక రోజు మాడు. ఉలిగమ్మ రావాలి. కానీ గుర్తు చెప్పకుండా ఇచ్చేస్తే ఇక ఈ తాళంచెవి ఎందుకు? వక్కలు కొట్టుకోవడానికా?

ఇట్లు,
ఈరన్న

తా.క.: అవును, కుడితి పెట్టినాను. తవుడు కూడా కలిపినాను. ఉత్త కుడితి పెట్టే ఇల్లు కాదు మాది.

*

ఈరన్న తాతకు నిర్మల నమస్కరించి రాస్తున్నది.

పోలీసుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఉత్తరం అసిస్టెంట్ ఇంజనీరు రాసింది. ఇది నల్లచెరువు పిల్ల రాస్తున్నది. మాది గొర్రెల ఇల్లు. ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చి, మా అవ్వకు ఫోను చేసి మీ సంగతంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ పెద్దాయన చెప్పేది న్యాయమే కదే పాపా" అంది.

నేను ఏడుపు ముఖం పెట్టాను. అప్పుడు అవ్వ అడిగింది: "సరే గాని, దొడ్డిలో కట్టినదానికి మేత పెట్టినాడా?"

"పెట్టాడవ్వా, గడ్డీ కుడితీ" అన్నాను.

"అది గడ్డి తింటాదా?"

"తినదు."

"గొర్రెకు మాంసం ఏసి, పులికి గడ్డేసి, మేత పెట్టినా అంటే ఒప్పుతారా? దాని మేత దానికి పెట్టాల. పెట్టలేనోడు కట్టేయకూడదు. కట్టేస్తే తప్పు కావలివాడిది. ఇది మా ఊళ్ళో కూడా కట్టుబాటే. పోయి అడుగు."

అందుకని అడుగుతున్నాను తాతా. కట్టేసిన రోజు నుంచి దానికి ఒక్క పూటైనా దాని మేత పెట్టారా? దాని మేత పదకొండు వేల వోల్టుల కరెంటు. అది మీ గడ్డివాములో లేదు. మా తీగల్లోనే ఉంది. నోరులేనిదాన్ని ఇన్నాళ్ళు పస్తు పెట్టి, పైగా బెంగ పెట్టుకుందని నామీద రాశారు.

గుర్తులు కూడా అడిగారు. ఎవరిని పొడుస్తుందంటారా? ముట్టుకున్న ప్రతివారినీ పొడుస్తుంది, పెద్దా చిన్నా చూడదు. ఎండాకాలం ఎలా ఉంటుందంటారా? మూలుగుతుంది. ఊరంతా ఒకేసారి మోటార్లు వేస్తే అలిగి పడుకుంటుంది. ఇంతకంటే దాని గుణం నాకు తెలియదు.

ఇట్లు,
నిర్మల

తా.క.: మిమ్మల్ని చూడాలని అవ్వ అంటోంది. "గట్టోడు" అంది. మా ఇంట్లో ఆ మాట తాతను తప్ప ఎవరినీ అనలేదు.

*

నల్లచెరువు గొర్రెల ఇంటి పిల్లకు ఈరన్న రాస్తున్నది.

రా.

తలుపు తీసి పెట్టినాను. నేను ఓడిపోయినానని అనుకోవద్దు. నా దగ్గర దాని మేత లేదు కాబట్టి వదులుతున్నాను. ఇన్నేళ్ళకు కట్టుబాటు తెలిసిన మనిషి ఒకరు దొరికినారు, అది నా మొలతాడు చేసుకున్న పుణ్యం.

కానీ నువ్వే రావాలి. నోటితో అడగాలి. గట్టిగా అడగాలి, కుర్రకారుకు వినపడేట్టు.

ఇట్లు,
ఈరన్న

తా.క.: వంకలో కుడిపక్క రాళ్ళున్నాయి, ఎడమపక్కగా నడువు. చెప్పులు చేతిలో పట్టుకో. ట్యూబు వద్దు.

*

ఈరన్న తాతకు నిర్మల రాస్తున్నది.

నా జీవితంలో అంతమంది ముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "తప్పయింది, మాది మాకు ఇప్పించండి" అని నేను అనగానే మీరు మీసం తిప్పి మొలతాడు తాళంచెవి వైపు చూసిన చూపు, నిజం చెబుతున్నాను, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన ముఖంలో కూడా చూడలేదు. దానికి బొట్టుపెట్టి, మెడ ఎక్కడుందో వెతికి మరీ పూలదండ వేశారు. హిందూపురం రిపేరు షాపులో నూనె మార్చేటప్పుడు ఆ దండ తీయడానికి మెకానిక్కు భయపడ్డాడు. ఏదైనా మొక్కుబడేమోనని.

మొత్తానికి దిమ్మె ఎక్కించాం, తీగ కలిపాం, మీ ఊళ్ళో దీపాలు వెలిగాయి. జనం అరిచిన అరుపుకు పౌలు స్తంభం మీద నుంచి జారబోయాడు. వెంకటక్క గారు టీవీ పెట్టి, కోడలు బతికి ఉండటం చూసి, కోపంతో కట్టేశారట.

కానీ ఒక్క సంగతి. అన్ని ఇళ్ళలో దీపాలు వెలిగాయి, మీ ఇల్లు మాత్రం చీకటిగా ఉందని పౌలు చెప్పాడు. సర్వీసు వైరు తెగిందేమో. అడిగితే మీరు మాట మార్చారట. ఇప్పటికైనా నంబరు చెప్పండి తాతా. వెంటనే మనిషిని పంపుతాను. ఉలిగమ్మ గారు వచ్చారా?

ఇట్లు,
నిర్మల

తా.క.: దొడ్డి పడగొట్టే మాట ఇక ఎవరూ ఎత్తడం లేదని విన్నాను. సర్పంచి బైకు కూడా లోపల కట్టేశారని విన్నాను. దాన్ని వదిలేయండి.

*

నిర్మలమ్మకు ఈరన్న తలుపు మూసుకొని, ఎవరూ చూడకుండా రాస్తున్నది.

సర్పంచి బైకు నా పశువులపాకలోకి దూరింది. వాడు వచ్చి గుర్తులు చెబితే వదులుతాను.

నంబరు అడిగినావు. నంబరు లేదు. పోయింది కాదు, మరిచిపోయింది కాదు. ఎప్పుడూ లేదు. మా ఇంట్లో కరెంటు లేదు.

మా ఊరికి మొదట కరెంటు వచ్చినప్పుడు నాకు మీసాలు నల్లగా ఉండేవి. అప్పుడు వచ్చిన ఆఫీసరు నన్ను అడగకుండా నా వాకిట్లో స్తంభానికి గుంత తవ్వించినాడు. నోటితో ఒక్క మాట అడిగి ఉంటే రెండు గుంతలు ఇచ్చేవాణ్ణి. అడగలేదు. గుంత పూడ్చి, మాకు కరెంటు అక్కర్లేదు పొమ్మన్నాను. అన్నమాట అన్నదే. లాంతరుతో బతికినాము. అందుకే కరెంటు పోయినప్పుడు ఊరందరికీ నేనే గురువునైనాను. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను.

కానీ ఊళ్ళో దీపాలు వచ్చినాక, "కరెంటు వచ్చింది, రావే" అని నాగన్నతో ధర్మవరానికి ఫోను చేయించినాను. ఉలిగమ్మ ఏమన్నదో తెలుసా? "ఊరికి వచ్చిందా అని ఎవరడిగినారు? మన ఇంటికి వచ్చిందా అని అడిగినా. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఎదురింటి గడప మీద కూర్చుని సీరియల్ చూస్తాండా. ఆ వెంకటక్క చంపితే చచ్చే కోడలు నాకొద్దు. నా ఇంట్లో నేను చూస్తా." వంక గట్టు మీద అరిచినప్పుడు కూడా ఆమె చెప్పింది అదేనట. నాకే అర్థం కాలేదట.

రాత్రంతా ఆలోచించినాను. నా వాకిట్లో గుంతను నన్ను అడగాలని అన్ని ఏళ్ళు పట్టుబట్టినాను. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు, నీకు లాంతరు చాలా అని. అది ఏ కట్టుబాటులోనూ లేదు. ఉండాల్సింది.

నీ వస్తువు కోసం నువ్వు వంక దాటి వచ్చి నోటితో అడిగినావు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. మా ఇంటికి కరెంటు ఇప్పించు తల్లీ. ఒక బల్బు, టీవీకి ఒక ప్లగ్గు. ఫ్యాను ఆమె ఇష్టం.

గుంత నేనే తవ్వి పెట్టినాను.

ఇట్లు,
ఉలిగమ్మ మొగుడు ఈరన్న

తా.క.: నరసింహ ఇచ్చిన పాత టీవీని ఒళ్ళో పెట్టుకొని ఉలిగమ్మ ధర్మవరంలో బస్సెక్కిందని కబురు. పెనుకొండలో దిగి నీ ఆఫీసుకే వస్తుందట, నన్ను నమ్మక. ఈ ఉత్తరం ఆమెకు చూపొద్దు. నువ్వే వచ్చి, కరెంటు పెట్టించుకోమని నన్ను కాళ్ళావేళ్ళా పడి బతిమాలినావని చెప్పు. చివరికి ఒప్పుకున్నానని చెప్పు.